రక్తనాళాలను ఆపే ఇంజెక్షన్: నాన్నగారికి బెవాసిజుమాబ్ పెట్టించాలా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: "నాన్నకి 62 ఏళ్లు. పెద్దపేగు ఎడమవైపు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. ఇప్పుడు స్కాన్‌లో లివర్‌లో మూడు మచ్చలు కనిపించాయి. ఫోల్‌ఫాక్స్ కీమోతో పాటు బెవాసిజుమాబ్ కూడా ఇస్తామంటున్నారు. గడ్డకి రక్తం అందకుండా చేసి ఎండబెట్టేస్తుందట. అలాగైతే ఇక కీమో ఎందుకు? దాని ఖర్చు మేమే పెట్టుకోవాలి, ఉన్న పొలం అమ్మాలి. నాన్నకి బీపీ ఉంది. పుచ్చిపోయిన పన్ను ఒకటి పీకించాల్సి ఉంది. ఏం చేయమంటారు?"

ముందు ఆ "ఎండబెట్టేస్తుంది" అన్న మాట గురించి మాట్లాడుకుందాం. మీ పొలం నిర్ణయం ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంది. నేను మెడికల్ ఆంకాలజిస్టుని, ఈ మందు ఏళ్ల తరబడి రాస్తున్నాను. మంచి మందే. కానీ ఆ మాట విన్నప్పుడు మనసులో కలిగేంత ఆశకి సరిపడే మందు కాదు.

ఆ ఆలోచన బోస్టన్ పిల్లల ఆసుపత్రి సర్జన్ జుడా ఫోక్‌మన్‌ది. క్యాన్సర్ గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే కొత్త రక్తనాళాలు మొలిపించుకోక తప్పదని, వాటిని మొలవకుండా ఆపగలిగితే గడ్డ అక్కడితో ఆగిపోతుందని 1971లో ఆయన న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. అప్పట్లో చాలామంది నమ్మలేదు. గడ్డ చుట్టూ కనిపించే నాళాలు వాపు వల్ల వచ్చినవేనని కొట్టిపారేశారు. ఆయన బృందం కుందేలు కంటి కార్నియాలో గడ్డ ముక్కను పెట్టి చూసింది. కార్నియాలో, అంటే కంటి ముందుండే పారదర్శక పొరలో, మామూలుగా రక్తనాళాలే ఉండవు. కాబట్టి అక్కడ ఏ నాళం కనిపించినా అది కొత్తగా వచ్చిందే అవుతుంది. కొద్ది రోజుల్లో కంటి అంచు నుంచి సన్నటి ఎర్రటి నాళాలు ఆ ముక్క వైపే పాకుతూ వచ్చాయి. నాళాలు వచ్చి తాకేదాకా ముక్క చిన్నగానే ఉంది. తాకిన తర్వాత వేగంగా పెరగడం మొదలైంది. అంటే గడ్డే ఏదో పదార్థాన్ని వదిలి నాళాలను తన వైపు పిలిపించుకుంటోంది.

ఆ పదార్థాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది వీఈజీఎఫ్ అనే ప్రొటీన్. దీనివల్ల నాళాలు కారతాయని హెరాల్డ్ డ్వోరక్ బృందం 1983లో చూపించింది. 1989లో జెనెన్‌టెక్‌లో నెపోలియోన్ ఫెరారా బృందం దాన్ని విడదీసి, జన్యువుతో సహా గుర్తుపట్టి, ఇప్పుడు మనం వాడుతున్న పేరు పెట్టింది. ఆ ప్రొటీన్‌ని పట్టుకుని కట్టేసే యాంటీబాడీయే బెవాసిజుమాబ్. మేము వార్డులో "బెవా" అంటాం. 2004 ఫిబ్రవరిలో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది, అదీ మీ నాన్నగారిలాంటి వాళ్ల కోసమే, అంటే పెద్దపేగు క్యాన్సర్ వేరే చోటికి పాకినవాళ్ల కోసం.

ఇక కీమో ఎందుకన్న ప్రశ్న. గడ్డకి రక్తం నిజంగా పూర్తిగా ఆగిపోయేటట్లయితే బెవా ఒక్కటే ఇచ్చినా సరిపోవాలి కదా. ఆ పరీక్ష కూడా చేశారు. అమెరికాలో అప్పటికే ఒక కీమో పనిచేయకుండా పోయిన పేషెంట్లను తీసుకుని, కొందరికి ఫోల్‌ఫాక్స్, కొందరికి ఫోల్‌ఫాక్స్‌తో బెవా, ఇంకొందరికి బెవా ఒక్కటే ఇచ్చారు. బెవా ఒక్కటే తీసుకున్నవాళ్లలో గడ్డ చెప్పుకోదగ్గంత తగ్గింది నూటికి ముగ్గురిలోనే. ఆ గుంపులోకి కొత్తవాళ్లను చేర్చుకోవడం మధ్యలోనే ఆపేశారు. రెండూ కలిపి తీసుకున్నవాళ్లే అందరికంటే ఎక్కువ కాలం బతికారు. అంటే పేగు క్యాన్సర్‌లో ఇది కీమో పక్కన నిలబడి పనిచేసే మందు.

రక్తం ఆపే మందు, రక్తం ద్వారానే గడ్డకి చేరాల్సిన కీమోకి ఎలా సాయం చేస్తుందని మీకు అనుమానం రావాలి. మాకూ వచ్చింది. దానికి మంచి వివరణ ఇచ్చింది రాకేశ్ జైన్ అనే శాస్త్రవేత్త. ఐఐటీ కాన్పూర్‌లో చదువుకుని అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో పనిచేస్తున్నారు. గడ్డలో మొలిచే నాళాలు మామూలు నాళాల్లా ఉండవని ఆయన చెబుతారు. వంకర టింకరగా, గోడలు చిల్లులు పడి, ఎక్కడికక్కడ కారుతూ ఉంటాయి. గండ్లు పడ్డ పంట కాలువని ఊహించుకోండి: గట్టు తెగిన చోట నీళ్లు మడుగు కడతాయి, శివారు పొలాలకి చుక్క చేరదు. గడ్డలోనూ అంతే, కారిన ద్రవంతో లోపల ఒత్తిడి పెరిగిపోతుంది, కీమో మందు లోపలి కణాల దాకా పోదు. వీఈజీఎఫ్‌ని తగ్గిస్తే పనికిరాని నాళాలు కొన్ని పోతాయి, మిగిలినవాటి గోడలు కొంత గట్టిపడతాయి, లోపలి ఒత్తిడి తగ్గుతుంది, మందు లోపలికంటా వెళ్తుంది. ఇది కొంతకాలమే ఉంటుంది. తర్వాత గడ్డ వేరే దారి వెతుక్కుంటుంది.

ఆ వేరే దారి సంగతి మీ నాన్నగారి విషయంలో ముఖ్యం, ఎందుకంటే మచ్చలున్నది లివర్‌లో. లివర్ నిండా ముందునుంచే బోలెడు రక్తనాళాలుంటాయి. కొన్ని గడ్డలు అక్కడ కొత్త నాళాలు మొలిపించుకునే శ్రమే పడవు, ఉన్న నాళాల చుట్టూ పెరుగుతూ వాటినే వాడేసుకుంటాయి. అలాంటి చోట బెవాకి ఆపడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఎవరి గడ్డ ఏ రకమో ముందే చెప్పగలిగే రక్త పరీక్ష గానీ జీన్ టెస్ట్ గానీ బెవాకి ఇప్పటిదాకా రాలేదు. ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా ఇది లేకపోవడం ఈ రంగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే విషయం. పేషెంట్లందరికీ ఇచ్చి, ఎవరికి పనిచేస్తుందో తర్వాత చూసుకోవాల్సి వస్తోంది.

ఇప్పుడు అంకెలు చెబుతాను. నెట్‌లో వెతికితే మీకు ముందు కనిపించేది 2004 నాటి ట్రయల్. కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లు మధ్యస్థంగా 15.6 నెలలు, బెవా కలిపినవాళ్లు 20.3 నెలలు బతికారు. దాదాపు ఐదు నెలలు తేడా, చిన్న విషయం కాదు. అయితే అందులో వాడిన కీమో పాతది, ఇప్పుడు ఎవరూ ఇవ్వరు. మీ నాన్నగారికి ఇవ్వబోయేది ఆక్సాలిప్లాటిన్ ఉన్న ఫోల్‌ఫాక్స్. ఆక్సాలిప్లాటిన్ కీమోలతో బెవా కలిపి చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2008లో వచ్చాయి. అందులో జబ్బు ముదరకుండా ఉన్న కాలం 8 నెలల నుంచి 9.4 నెలలకి పెరిగింది. మొత్తం బతికిన కాలం 19.9 నెలల నుంచి 21.3 నెలలకి పెరిగినా, ఆ తేడా యాదృచ్ఛికంగా వచ్చింది కాదని గట్టిగా చెప్పగలిగేంత లేదు. ఇవి మధ్యస్థ అంకెలు, ఒక్కొక్కరికి ఎక్కువా తక్కువా ఉంటుంది. అయినా పొలం అమ్మే ముందు మీరు చూడాల్సింది ఈ రెండో ట్రయల్‌నే.

ఈ మందుల చుట్టూ ఆశ అదుపు తప్పడం కొత్త కాదు. 1998 మేలో ఫోక్‌మన్ ల్యాబ్‌లో ఎలుకల మీద పనిచేసిన రెండు పదార్థాల గురించి న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వేసింది. రెండేళ్లలో క్యాన్సర్ నయమైపోతుందన్నట్టు ప్రచారం జరిగింది, మందు కోసం కుటుంబాలు ఫోన్ల మీద ఫోన్లు చేశాయి. ఫోక్‌మన్ మాత్రం మొదటినుంచీ నిజాయితీగానే మాట్లాడారు. క్యాన్సర్ వచ్చింది ఎలుకకైతే మేం బాగా చూసుకోగలం అన్నది ఆయన మాటే. మనుషుల్లో ఆ రెండూ అమెరికా ట్రయల్స్‌లో నిలబడలేదు.

ఇదంతా విని ఈ దారే దండగ అనుకోకండి. క్యాన్సర్‌ని బట్టి మారుతుంది. కిడ్నీ క్యాన్సర్‌లో సాధారణంగా కనిపించే క్లియర్ సెల్ రకం తీసుకోండి. అందులో చాలావరకు వీహెచ్ఎల్ అనే జన్యువు చెడిపోయి ఉంటుంది. అది చెడితే ఆక్సిజన్ సరిపడా ఉన్నా కణానికి లేనట్టే అనిపించి, వీఈజీఎఫ్‌ని ఆపకుండా తయారుచేస్తుంది. కణం ఆక్సిజన్‌ని ఎలా పసిగడుతుందో కనిపెట్టినందుకే 2019లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. కిడ్నీ గడ్డ బతుకంతా ఈ ప్రొటీన్ మీదే ఆధారపడుతుంది కాబట్టి సునిటినిబ్, పజోపనిబ్, యాక్సిటినిబ్ లాంటి మాత్రలు అక్కడ బాగా పనిచేశాయి. వీటిని చాలామందికి కీమో లేకుండానే ఇస్తాం. లివర్‌లోనే పుట్టే క్యాన్సర్‌లో బెవాని అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీతో (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి పంపే మందుతో) కలిపి ఇస్తే, అంతకుముందు వాడిన సోరాఫెనిబ్ కంటే పేషెంట్లు స్పష్టంగా ఎక్కువ కాలం బతికారు. ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో కీమోకి బెవా కలిపితే మధ్యస్థంగా బతికిన కాలం 13.3 నెలల నుంచి 17కి పెరిగింది. మన దగ్గర ఆ జబ్బు ఆడవాళ్లలో ఎంత ఎక్కువో చూస్తున్నాం కాబట్టి ఈ ఫలితం నాకు ముఖ్యం. అండాశయ క్యాన్సర్‌లో పొట్టలో నీరు చేరి, వారం వారం సూదితో తీయించుకుంటున్న అమ్మల్లో కొందరికి బెవా మొదలుపెట్టాక నీరు చేరడం తగ్గుతుంది. అది పేషెంటుకి ఎంత ఊరటో దగ్గరుండి చూసినవాళ్లకే తెలుస్తుంది.

మరోవైపు రొమ్ము క్యాన్సర్‌కి 2008లో త్వరితగతిన ఇచ్చిన అనుమతిని, ఆయుష్షు పెరగడం లేదని తేలాక 2011 నవంబర్‌లో అమెరికా వెనక్కి తీసుకుంది. మెదడులోని గ్లయోబ్లాస్టోమాలో స్కాన్ బాగుపడుతుంది, వాపు తగ్గుతుంది, స్టెరాయిడ్ డోసు తగ్గించొచ్చు, కానీ మొదట్లోనే ఇచ్చినా ఆయుష్షు పెరగలేదు. పేగు క్యాన్సర్ ఆపరేషన్‌తో పూర్తిగా తీసేశాక, మళ్లీ రాకుండా ఇచ్చే కీమోతో బెవా కలిపితే ఏ లాభమూ కనిపించలేదు. మీ నాన్నగారి మొదటి ఆపరేషన్ తర్వాత ఎవరూ బెవా రాయలేదంటే అందుకే.

ఇప్పుడు మీ అసలు సంగతి. మీరు ముందు అడగాల్సింది బెవా గురించి కాదు, ఆ మూడు మచ్చలను ఆపరేషన్‌తో తీసేయొచ్చా అని. పేగు క్యాన్సర్ లివర్‌కి మాత్రమే పాకి, మచ్చలు తక్కువగా ఉన్నప్పుడు, వాటిని కోసి తీసేస్తే కొంతమంది పూర్తిగా బాగుపడతారు. నాలుగో స్టేజ్ అనగానే ఆ అవకాశం పోయిందనుకోవడం పొరపాటు. కాబట్టి లివర్ ఆపరేషన్లు తరచుగా చేసే సర్జన్‌కి సీటీ, ఎంఆర్ఐ చూపించాలి. కీమో మొదలుపెట్టకముందే చూపించడం మేలు. ఎందుకంటే కీమోకి మచ్చ స్కాన్‌లో మాయమైపోవచ్చు, అక్కడ కణాలు మిగిలి ఉన్నా సర్జన్‌కి ఎక్కడ కోయాలో దొరకదు. తీసేయదగ్గవే అని ఆయన అంటే బెవా అవసరం చాలావరకు పోతుంది. కీమోతో కొంచెం తగ్గించి తర్వాత తీద్దామంటే, బెవా ఇచ్చినా ఆఖరి డోసుకి, ఆపరేషన్‌కి మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. లివర్ ఆపరేషన్‌కి చాలామంది సర్జన్లు ఆరు వారాలు అడుగుతారు. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికే సుమారు 20 రోజులు పడుతుంది మరి.

రెండోది, బయాప్సీ లేదా ఆపరేషన్‌లో తీసిన ముక్క మీద ఆర్ఏఎస్, బీఆర్ఏఎఫ్, ఎంఎస్ఐ పరీక్షలు (గడ్డ జన్యువుల్లో మార్పులు చూసేవి) చేయించారా? ఎడమవైపు పేగు గడ్డ అయి, ఆర్ఏఎస్ మార్పు లేకపోతే, మచ్చలు తీయడానికి వీల్లేని పరిస్థితిలో బెవా కంటే పానిటుముమాబ్, సెటుక్సిమాబ్ లాంటి మందులకే నేను మొగ్గు చూపుతాను. ఎడమవైపు గడ్డల్లో పానిటుముమాబ్‌ని, బెవాని పక్కపక్కన పెట్టి చూసిన జపాన్ ట్రయల్‌లో పానిటుముమాబ్ తీసుకున్నవాళ్లు మధ్యస్థంగా 37.9 నెలలు, బెవా తీసుకున్నవాళ్లు 34.3 నెలలు బతికారు. ఎంఎస్ఐ హై అని వస్తే దారే వేరు, కీమో కంటే ముందు ఇమ్యునోథెరపీ గురించి మాట్లాడాలి. ఆర్ఏఎస్‌లో మార్పు ఉంటే బెవా ప్రశ్న నిజంగా మీ ముందుకొస్తుంది. ఈ రిపోర్టులు రాకుండా పొలం బేరం పెట్టకండి.

అప్పుడు కూడా, డబ్బు ఇబ్బందిగా ఉంటే నా అభిప్రాయం ఒకటే: ఫోల్‌ఫాక్స్ ఒక్క సైకిల్ కూడా తప్పకుండా, సమయానికి పడాలి. బెవా దాని తర్వాతే. బెవా కొనడానికి అప్పు చేసి, నాలుగు నెలలకి డబ్బయిపోయి కీమో కూడా ఆపేసిన కుటుంబాలను చూశాను. అది జరగకూడదు. బెవా లేదని మీ నాన్నగారికి అన్యాయం చేసినట్టు కాదు, మనసులో అలా పెట్టుకోవద్దు.

పెట్టించాలనే అనుకుంటే బయోసిమిలర్లు, అంటే అసలు బ్రాండ్‌కి దీటుగా వేరే కంపెనీలు చేసే మందులు, తీసుకోండి. మన దగ్గర బెవా బయోసిమిలర్లు చాలా ఉన్నాయి, హైదరాబాద్ కంపెనీలు హెటిరో, డాక్టర్ రెడ్డీస్ కూడా చేస్తున్నాయి. అసలు బ్రాండ్ అయితేనే పనిచేస్తుందన్న భయం అక్కర్లేదు. రక్తనాళాలను ఆపే కుటుంబానికే చెందిన సోరాఫెనిబ్ మాత్రల విషయంలో 2012 మార్చిలో మన పేటెంట్ కంట్రోలర్ హైదరాబాద్‌కి చెందిన నాట్కోకి తప్పనిసరి లైసెన్స్, అంటే వేరే కంపెనీ పేటెంట్ ఉన్నా ఆ మందు చేసి అమ్ముకునే అనుమతి, ఇచ్చారు. నెలకి 2.8 లక్షల రూపాయలున్న మందు 8,880 రూపాయలకి దిగింది. లివర్, కిడ్నీ క్యాన్సర్ పేషెంట్లకి అది ఎంత తేడా తెచ్చిందో మేం కళ్లారా చూశాం. ఇంకోటి, ఫోల్‌ఫాక్స్‌తో డోసు సాధారణంగా రెండు వారాలకోసారి కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు. నాన్నగారు 60 కిలోలుంటే 300 మిల్లీగ్రాములు, అంటే 100 మిల్లీగ్రాముల సీసాలు మూడు. 400 సీసా కొని 100 పారేయించుకోకుండా చూసుకోండి. బయట కొని తెస్తుంటే ఐస్ ప్యాక్ సీసాకి నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు, కుదపకూడదు.

పన్ను సంగతి ముందు తేల్చండి. బెవా పుండు మానడానికి అడ్డం పడుతుంది, ఎందుకంటే గాయం మానాలన్నా కొత్త నాళాలే రావాలి. కాబట్టి మొదలుపెట్టకముందే పన్ను పీకించి, చిగురు పూర్తిగా మానాక మొదటి డోసు వేయించండి. ఫోల్‌ఫాక్స్‌కి పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) పెడతారు కదా, ఆ కోత మానిందో లేదో కూడా చూడాలి. పెద్ద ఆపరేషన్ అయ్యి 28 రోజులు కాకుండా బెవా పెట్టరు. పేగులో ఎక్కడైనా స్టెంట్ వేసి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి మళ్లీ గుర్తుచేయండి, పేగుకి చిల్లు పడే ప్రమాదం పెరుగుతుంది.

బీపీ ఉన్నా ఇవ్వొచ్చు, అదుపులో ఉండాలి. వీఈజీఎఫ్ నాళాల గోడలు వదులుగా ఉండేందుకు సాయపడుతుంది, దాన్ని కట్టేస్తే బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. చేతికి కట్టే మెషిన్ ఒకటి కొని, ఉదయం సాయంత్రం చూసి నోట్‌బుక్‌లో రాయండి. డే కేర్‌కి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తప్పకుండా తీసుకురండి, బీపీ మాత్ర మార్చాలంటే మాకు కావాల్సింది అదే. యూరిన్‌లో ప్రొటీన్ పోతోందా అని మధ్యమధ్యలో చూస్తారు. రెండు ప్లస్ వస్తే 24 గంటల యూరిన్ పట్టమంటారు, అందులో ప్రొటీన్ 2 గ్రాములకి చేరితే తగ్గేదాకా డోసు ఆపుతారు.

అన్నిటికంటే ముఖ్యంగా: ఉన్నట్టుండి విపరీతమైన కడుపు నొప్పి వచ్చి, పొట్ట గట్టిగా అయితే గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టొద్దు. పేగుకి చిల్లు పడి ఉండొచ్చు. అర్ధరాత్రయినా సర్జన్ ఉండే ఆసుపత్రికి తీసుకెళ్లి, బెవా మీద ఉన్నారని మొట్టమొదట చెప్పండి. ఇది వందలో ముగ్గురికి మించి రాదు, కానీ వచ్చినప్పుడు గంటలు లెక్క. మాట తడబడటం, ఒక చెయ్యి పట్టు తప్పడం, ఛాతీ నొప్పి, కాలు ఒక్కటే వాయడం, దగ్గులో గానీ విరేచనంలో గానీ రక్తం పడటం కూడా అంతే. అప్పుడప్పుడు ముక్కులోంచి కాస్త రక్తం రావడం మామూలే, దానికి టెన్షన్ పడకండి.

తిండి విషయం ఎందుకు చెబుతున్నానంటే, "గడ్డని మాడ్చడం" అన్న మాట విని ఇంట్లోవాళ్లు పేషెంట్‌నే మాడుస్తున్నారు. పంచదార మానేయండి, పాలు మానేయండి, అన్నం తగ్గించండి అని ఎవరో చెబుతారు. రెండు నెలల్లో మనిషి ఎనిమిది కిలోలు తగ్గి కీమోకి తట్టుకోలేని స్థితికి వస్తాడు. ఈ మందు అడ్డుకునేది నాళాల మొలకని, దానికీ కంచంలో అన్నానికీ సంబంధం లేదు. గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు, ఆయనకి ఏది సహిస్తే అది పెట్టండి. రక్తనాళాలను ఆపుతుందని అమ్మే సొరచేప మృదులాస్థి క్యాప్సూల్స్ ట్రయల్స్‌లో ఏ ఉపయోగమూ చూపించలేదు. కూరలో పసుపు వేసుకోండి, పసుపు మాత్రలు మాత్రం డాక్టర్‌కి చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

చివరగా స్కాన్. బెవాతో లివర్ మచ్చ సైజు అంతగా తగ్గకపోయినా, లోపలంతా ఒకేలా నల్లబడి అంచు స్పష్టంగా కనిపిస్తే అది మంచి సూచనే. రిపోర్టులో సెంటీమీటర్లు మాత్రమే చూసి దిగులు పడకండి, రేడియాలజిస్టుని ఆ మాట అడగమని మీ డాక్టర్‌తో అనండి.

ఆర్ఏఎస్, ఎంఎస్ఐ రిపోర్టులు, లివర్ సర్జన్ చెప్పిన మాట చేతికొచ్చాక, పేరూ ఫోన్ నంబరూ కనిపించకుండా చేసి ఇక్కడ పెట్టండి. చూసి, బెవా వేయించాలో వద్దో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈలోపు పన్ను పీకించేయండి.